పదో కుర్చీ

ప్రియమైన నాన్నకి,

దగ్గు తగ్గిందా? రంపం పట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఈసారి నేనొచ్చేసరికి ఆ గుడ్డని నీ మొహానికే కుట్టేయమని అమ్మతో చెప్తాను.

ఇక్కడ పెద్ద చిక్కొచ్చి పడింది. మా చిన్న ఆడపిల్లల కాలేజీని రోడ్డవతలి పెద్ద కాలేజీలో కలిపేయాలని ఛైర్మన్ గారు పట్టుబట్టి కూర్చున్నారు. వచ్చే నెలాఖరున కమిటీలో ఓటు. "విరాళాలిచ్చేవాళ్ళంతా గోడ మీద పేరు కోసం ఇస్తారు. ఆ గోడేదో అవతలి కాలేజీలోనూ ఉంది" అన్నారట. ప్రిన్సిపాల్ మేడమ్‌కి ఒళ్ళు మండింది. ఇక్కడ చదువుకున్నవాళ్ళూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ అసలెందుకిస్తున్నారో వాళ్ళనే అడిగి, ఆ జవాబులతో ఓ చిన్న పుస్తకం వేసి కమిటీ ముందు పెడదామన్నారు. ఆ పని నా నెత్తిన పడింది. లెక్కలు చెప్పుకునేదాన్ని, నాకెందుకీ రాతకోతలు! అయినా చేస్తాను. నేను చదివిన కాలేజీ, నాకు ఉద్యోగమిచ్చిన కాలేజీ. నా కళ్ళ ముందు మూతపడనివ్వను.

నువ్వూ దాతవే కాబట్టి నీకూ అదే ప్రశ్న. నా మొదటి సంవత్సరంలో నాకోసం ఎడమవైపు రాతపలక ఉన్న కుర్చీ చేసిచ్చావు. సరే, నాది ఎడమచెయ్యి. కానీ ఆ తర్వాత కూడా ఏటా అలాంటిదే ఒకటి పంపుతున్నావు. ఇప్పటికి తొమ్మిదయ్యాయి. నిన్న అన్ని తరగతులకీ వెళ్ళి "ఎడమచేతివాళ్ళు చెయ్యెత్తండి" అన్నాను. ముగ్గురే ఎత్తారు. మిగతా ఆరు కుర్చీలూ స్టోరు గదిలో ఒకదాని మీద ఒకటి పడున్నాయి. ఈసారికి మామూలు కుర్చీ పంపకూడదా? ఎందుకిస్తున్నావో రెండు ముక్కలు రాయి, చాలు.

నీ మొండిఘటం


ప్రియమైన మొండిఘటానికి,

నాన్న దీవెనలు. గుడ్డ కట్టుకుంటున్నాను, మీ అమ్మ చూస్తున్నంతసేపూ.

రెండు ముక్కలడిగావు. మొదటి ముక్క: చెక్క మిగిలింది, కుర్చీ చేశాను. రెండో ముక్క: నేను కుర్చీ దింపినప్పుడల్లా మీ కాలేజీ గేటు దగ్గరాయన "రండి మేస్త్రీ గారూ" అని అడక్కుండానే టీ ఇప్పిస్తాడు. మన ఇంట్లో అదే టీకి మూడుసార్లు కేకెయ్యాలి. రాసుకో.

మామూలు కుర్చీ ఏ వడ్రంగైనా చేస్తాడు, నేనే అక్కర్లేదు. ముగ్గురే చెయ్యెత్తారంటున్నావు. నీకు లెక్కలు నేర్పిందెవరో గానీ మనుషుల్ని లెక్కపెట్టడం నేర్పలేదు. పదో దానికి చెక్క కోసేశాను, ఇక దాని జోలికి రాకు.

ఇక్కడ ఒకావిడ ఇంటికి తలుపులు చేస్తున్నాను. లోపలికి తెరుచుకోవాలని సోమవారం, బయటికని మంగళవారం. బుధవారం నేనే వెళ్ళలేదు.

నాకు రాయడమంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు కదా. ఈ పేజీకే చెయ్యి పీకేస్తోంది.

ఉంటాను,
నాన్న


ప్రియమైన నాన్నకి,

నీ రెండు ముక్కలూ పుస్తకంలో పెట్టడానికి పనికిరావు. అందరూ ఎంత చక్కగా రాశారో చూడు. కరెంటాఫీసులో ఇంజనీరుగా ఉన్న మా సీనియర్ అక్క: "కాలేజీలో ఫ్యూజు పోతే మగవాళ్ళెవరైనా వస్తారేమోనని ఎదురుచూడకుండా నన్ను స్టూలెక్కించారు. ఆ రోజు ఎక్కినదాన్ని ఇంకా దిగలేదు." ఒక బస్సు డ్రైవరు: "నాతో వాదించి గెలవడం మా ఆవిడ ఆ కాలేజీలోనే నేర్చుకుంది. ఇరవై ఏళ్ళుగా ఓడిపోతున్నాను. మా అమ్మాయికీ ఆ విద్య రావాలి." ఒక తల్లి: "మా పిల్ల జబ్బుచేసి ఏడాదంతా మంచం మీదే ఉంది. హాజరు పిలిచేటప్పుడు మాత్రం దాని పేరు రోజూ పిలిచేవారట. వచ్చేస్తుందిలే అన్నట్టు." అది చదివి ప్రిన్సిపాల్ మేడమ్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇక అసలు సంగతి. నిన్న ఛైర్మన్ గారు తనిఖీకొచ్చి స్టోరు గది తెరిపించారు. నీ కుర్చీల గుట్ట చూసి, "ఇదండీ మీ విరాళాల భాగోతం! ఎవరో వడ్రంగికి పనికిరాని చెక్క ఎక్కువైంది, మనకి అంటగట్టాడు" అన్నారు. పక్కనున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఓటు ముందు ఆయన చేతికి మనమే కర్ర అందించాం.

నాకు తెలుసు నాన్నా. చిన్నప్పుడు ఎడమ చేత్తో బలపం పట్టుకున్నానని స్కేలుతో కొట్టేవాడివి. అదేగా నీ బాధ? అది నేనెప్పుడో మర్చిపోయాను. నువ్వూ మర్చిపో. పదోది పంపొద్దు. నువ్వు పంపవని మేడమ్‌కి చెప్పేశాను.

నీ,
అమ్మాయి


ప్రియమైన అమ్మాయికి,

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు కోపం తెచ్చుకోకు. పని ఎక్కువై కాదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

పంపొద్దన్నావు, పంపను. పదోది సగం చేసి గోడకి ఆనించాను. మీ అమ్మ దాని మీద బట్టలారేస్తోంది.

ఒక్క పని చేసిపెట్టు. ఓటుకి ఇంకా మూడు వారాలుందిగా. ఆ తొమ్మిది కుర్చీలూ దులిపించి, పిల్లలంతా కూర్చుని రాసుకునే హాల్లో వేయించు. ఓ మూలకి కాదు, మిగతావాటి మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి. ఎవర్నీ ఏమీ అడగకు. ఇవి ఫలానావాళ్ళకని చెప్పకు. చెయ్యెత్తమనకు. పదిహేను రోజులాగి చూడు. అప్పుడూ ఆరు ఖాళీగానే ఉంటే నువ్వే గెలిచావు, వాటిని పొయ్యిలో పెట్టుకోండి.

నాన్న


ప్రియమైన నాన్నకి,

తొమ్మిదీ నిండాయి!

ఉండు, మొదట్నుంచీ చెప్తాను. నీ మాట తీసెయ్యలేక వేయించాను గానీ, నాకు నమ్మకం లేదు. మొదటి నాలుగు రోజులూ ఆ ముగ్గురే కూర్చున్నారు. ఐదో రోజు ఇంకో పిల్ల వచ్చింది, ఫ్యాను గాలి బాగా వస్తుందని. ఆ కుర్చీ మీద ఫ్యానే లేదు! ఇంకొకతె కిటికీ వెలుతురంది. రెండు రోజులు కుడి చేత్తోనే రాసి, మూడో రోజు అటూ ఇటూ చూసి పెన్ను చెయ్యి మార్చింది. ఏ పరీక్షా సమయానికి పూర్తి చెయ్యదని నేను రోజూ కేకలేసే పిల్ల ఒకతె ఉంది. మొన్న ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని రాసి, పది నిమిషాల ముందే పేపరిచ్చేసి వెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది నాన్నా. ఎడమచేతిదాన్నై ఉండి నేనే కనిపెట్టలేకపోయాను.

నిన్న ఓటు. ముందు కమిటీ అంతా హాల్లోకొచ్చారు. ఛైర్మన్ గారు ఆ పిల్ల దగ్గరే ఆగి, "నీది ఎడమచెయ్యని ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు. అది లేచి నిలబడి, "అడిగితే భయమేసింది సార్. ఈ కుర్చీ ఏమీ అడగలేదు, అందుకే కూర్చున్నాను" అంది. తర్వాత మేడమ్ మన పుస్తకంలో జవాబులన్నీ చదివారు. ఐదుగురు కాలేజీ ఉండాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఛైర్మన్ గారు ఆ ఇద్దర్లో ఒకరే. ఆయన మారలేదు, పోనీలే. కాలేజీ నిలబడింది!

ఒక మాట దాచాను. ఆ రోజు స్టోరు గది దగ్గర వాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వాను. ఆ వడ్రంగి మా నాన్న అని చెప్పలేదు. నిన్న అందరి ముందూ చెప్పాను. నన్ను క్షమించు.

పుస్తకం అచ్చుకి వెళ్తోంది, నీ పేజీ ఖాళీగా ఉంది. ఈసారి టీ కబుర్లు చెప్పకు. వాళ్ళు చెయ్యెత్తరని నీకెలా తెలుసు? ఇంకోటి, కుర్చీలు దులిపేటప్పుడు చూశాను. ప్రతి రాతపలక అడుగునా పెన్సిల్‌తో ఏవో వంకర గీతలున్నాయి. కొలతలా?

ఎప్పటికీ,
నీ మొండిఘటం


ప్రియమైన నా మొండిఘటానికి,

ఈ కోడిగీతలు చూసి నవ్వకు. ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఎడమ చేత్తో రాస్తున్నాను.

నాదీ ఎడమచెయ్యే అమ్మా. మీ తాత పని నేర్పేటప్పుడు నా ఎడమచేతిని తాడుతో నడుముకి కట్టేసి, కుడిచేతికి ఉలి ఇచ్చేవాడు. నేర్చుకున్నాను. బడిలోనూ అంతే. ఎడమచేతివాళ్ళు చెయ్యెత్తండని ఎవరైనా అడిగితే తల వంచుకునేవాణ్ణి. చివరికి మీ అమ్మకి కూడా చెప్పలేదు. నువ్వు ఎడమ చేత్తో బలపం పట్టుకుంటే గుండె గుభేలుమనేది. నాకు జరిగిందే నీకూ జరుగుతుందని, ముందుగా నేనే కొట్టాను. ఎంత తెలివైనవాణ్ణో చూడు!

నీ మొదటి సంవత్సరంలో మీ లెక్కల మేడమ్ రమ్మని కబురంపింది. నువ్వేదో తప్పు చేశావనుకుని, ఉన్న ఒక్క మంచి చొక్కా వేసుకొచ్చాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "మీ అమ్మాయి రఫ్ పేపరు మీద ఎడమ చేత్తో రాస్తుంటే లెక్క పరిగెడుతోంది. కుడి చేత్తో రాస్తే నడవట్లేదు. మీరు వడ్రంగి కదా, దానికి తగ్గ కుర్చీ చెయ్యగలరా?" అంది. అంతే. పిల్లని కుడి చేతికెందుకు మార్చారని అడగలేదు. చేసి తెచ్చాను. "పిల్ల పడిపోకుండా మీరోసారి కూర్చుని చూడండి" అని తన పెన్నూ కాగితమూ పలక మీద పెట్టి బయటికి వెళ్ళింది. గదిలో ఎవరూ లేరు. నలభై రెండేళ్ళవాణ్ణి, ఎడమ చేత్తో నా పేరు రాశాను. మళ్ళీ రాశాను. ఆవిడ వచ్చేసరికి కాగితం నిండిపోయింది. చూసింది, మడతపెట్టి నాకిచ్చింది. ఆ కాగితం ఇంకా నా పనిముట్ల పెట్టెలో ఉంది.

కాబట్టి ఆ గీతలు కొలతలు కావు. ప్రతి ఏడూ పలక బిగించే ముందు దాన్ని తిరగేసి పెట్టుకుని ఎడమ చేత్తో నా పేరు రాస్తాను. తర్వాత తిప్పి మేకు కొట్టేస్తాను. మీ ఛైర్మన్ గారికి చెప్పు, పేరు కోసమే ఇస్తున్నానని.

ఆ నవ్వు సంగతి వదిలెయ్. చెయ్యెత్తనివాడి కూతురివేగా.

పదోది పూర్తయింది, గురువారం లారీలో వస్తుంది. మీ అమ్మ బట్టలకి దండెం కట్టించుకుంది. ఈ ఉత్తరం కూడా ఆవిడ పక్కన కూర్చుని ఉండగానే రాశాను. "ముప్పై ఏళ్ళు నా దగ్గర దాచావా!" అని ఒక పూట అలిగింది. తర్వాత అడక్కుండానే టీ తెచ్చింది.

పుస్తకంలో నా పేజీ ఇలా వెయ్యి: నేను ఆ కాలేజీలో చదువుకున్నాను, ఐదు నిమిషాలు.

నీ నాన్న