మూలనున్న సాలీడూ, నా పరువూ

విజయా,

మోటారు మళ్లీ గాలి పట్టేసింది. రెండు చెంబులు నీళ్లు పోసి స్విచ్చి వెయ్యి. మామిడికుదురు నుంచి అలిసిపోయి వస్తావు, కూర వండకు. ఫ్రిజ్‌లో పులుసుంది. హాల్లో మూలనున్న పొడుగుకాళ్ల సాలీడు క్షేమం. నేను వీరవేణి జోలికి మాత్రమే వెళ్లేను.

నిన్న మా మేనేజరుగారూ, వాళ్లావిడా టీకి వచ్చేరు. ఆవిడ పైకి చూసి "అయ్యో, బూజండీ" అన్నారు. మనం శుభ్రమైనవాళ్లమని తెలియాలంటే పనిమనిషిని తిట్టాలి కదా, తిట్టేను. "కళ్లు కనపడవా నీకు?" అని గట్టిగానే అరిచేను. వీరవేణి తలొంచుకుని "ఆయ్, దులిపేస్తానండి" అంది.

వాళ్లు వెళ్లాక నేనే బూజుకర్ర తీస్తే అడ్డొచ్చింది.

"వద్దండి బాబూ. నోట్లో గుడ్లు కరుచుకునుందండి. పిల్లలయ్యేదాకా ఉంచమని అమ్మగారే చెప్పేరు."

"ఆ మాట వాళ్ల ముందే చెప్పొచ్చుగా?"

"అమ్మగారు బూజు పెంచుతున్నారని బయటివాళ్లకి ఎలా చెప్తానండి?"

స్టూలెక్కి చూసేను. నిజమే, నోట్లో తెల్లటి ఉండ. దిగి వీరవేణి మొహం చూడ్డానికి సిగ్గేసి, కాసేపు పైనే నిలబడ్డాను.

సాయంత్రం తను వచ్చినప్పుడు నా తరఫున నువ్వేం సర్దిచెప్పకు. నేనే చెప్పుకుంటాను.

– మాణిక్యాలరావు

ఇంకోటి. నలుగురి ముందు తిట్టి, వంటింట్లో ఎవరూ లేనప్పుడు "తప్పయిపోయింది" అంటే సరిపోతుందా? మేనేజరుగారిని మళ్లీ టీకి పిలవాలా? నేనొచ్చేలోగా ఫోన్ చేసి చెప్పవూ.