ఫోటోలో ఉన్న ఎరుపు

ఫిబ్రవరి 12, 2005. బందరు.
పాండురంగడి గుడి నుంచి వచ్చేసరికి వరండాలో బెజవాడ మనిషి. మా ఆయనతో మాట్లాడుతున్నాడు. మా కలంకారీ గుడ్డలు ఇంటర్నెట్లో అమ్మడానికి దుకాణం... సీడీలో తయారుగా ఉందట. ఫోటోలు, ధరలు పెట్టుకోవడమే. "నెల్లాళ్ళు వాడి చూడండి మేడం, నచ్చితేనే తీసుకోండి." ఆయనకి అప్పుడే నచ్చింది. కాఫీ ఇచ్చాను.

ఫిబ్రవరి 13
చెల్లెలి కూతురు స్వర్ణ వచ్చింది. గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్, చివరి ఏడు. దసరా నుంచీ మా దుకాణానికి ప్రోగ్రాం తనే రాస్తోంది. సీడీ సంగతి విని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత —
"అది రెడీమేడ్ చొక్కా పెదనాన్నా. చేతులు పొడుగైతే మీరే మడుచుకోవాలి."
"నువ్వు కుట్టేసరికి నాకు షష్టిపూర్తి అయిపోతుందే."
నవ్వింది. అన్నం సరిగా తినలేదు.

ఫిబ్రవరి 20
సీడీ దుకాణం తెరిచారు. ముందు పెట్టింది ద్రాక్షతీగ అచ్చు వేసిన కిటికీ తెరలు. కట్టలో పైనున్న దాన్నొక్కదాన్నే ఫోటో తీశాం.

మార్చి 4
బెంగుళూరు నుంచి ఆర్డరు. తెరలు, ఆరు. పంపాం.

మార్చి 15
తెరలు తిరిగొచ్చాయి. ఫోటోలో ఎరుపు వేరట, ఆరింటిలో ఏ రెండూ ఒకటి కాదట. నిజమే. అచ్చు ఒకటే అయినా ఉతికిన కాలవ నీళ్ళు, ఎండ, ఎరుపు కోసం వేసే చెట్టు వేరు ఉడికిన తీరు... గుడ్డ గుడ్డకీ మారుతుంది. ఇంటికొచ్చిన వాళ్ళకైతే అన్నీ చాప మీద పరుస్తాను. తాకి చూసి, కావలసింది తీసుకుంటారు.

మార్చి 16
ఆయన రసాయనపు రంగు తెచ్చారు. "ఇక అన్నీ ఒక్కలాగే వస్తాయి. ఫోటోకి తగ్గట్టు."
మామగారి కాలం నుంచీ ఈ ఇంట్లో చెట్టు వేరు రంగే.

మార్చి 19
స్వర్ణ తన ప్రోగ్రాం చూపించింది. ప్రతి గుడ్డకీ దాని ఫోటో. అమ్ముడైతే అదొక్కటే పోతుంది. ఆయన చాలాసేపు చూశారు.
"బాగానే ఉందమ్మా. నువ్వు హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళాక ఇది ఆగిపోతే?"
"ఫోన్ చెయ్యండి."
"సీడీ ఆయనా అదే అన్నాడు."
ఇద్దరి మాటా సబబే అనిపించింది.

మార్చి 20
గుడిలో నిలబడ్డాను. ఇలాంటివి అడగాలనిపించలేదు. దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.

మార్చి 21
బెజవాడ నుంచి ఫోన్ — సీడీ ఉంచుకుంటారా అని. ఆయన రేపు చెప్తానన్నారు. పెట్టేసి నా వైపు తిరిగి — "రంగు ఉడకబెట్టేది నువ్వు. నువ్వే చెప్పు."
పెళ్ళయ్యాక ఇలా అడిగినట్టు గుర్తు లేదు.

మార్చి 22
పొద్దున్నే పొయ్యి రాజేశాను. రాగి బానలో నీళ్ళు కాగుతున్నాయి. వేరు గానీ రసాయనం గానీ ఇంకా ఏదీ వెయ్యలేదు. ఆయన గుమ్మంలో.
"ఏవండీ."
"చెప్పు."
స్వర్ణ వెళ్ళాక తన ప్రోగ్రాంలో ఫోటోలు ఎక్కించడం నేను నేర్చుకోగలనా — అని అడిగాను.
నీళ్ళు ఎంత కాగాయో చూడడానికి లోపలికి వచ్చి, వేరు మూట నా వైపు జరిపారు.