కొమరోలులో ఒరిగిన గోడ

ఆదివారం, గిద్దలూరు

మా మామ మేస్త్రి. కొమరోలులో తాను కట్టిన కొత్త ఇంటిని ఫొటోలు తీయమని ఈ రోజు నన్ను వెంట తీసుకుపోయాడు. అవి చూపించి పొదిలిలో ఇంకో ఇంటి పని పట్టాలని ఆయన ఆశ.

హాల్లో కెమెరాను స్టాండు మీద ఎటూ ఒరగకుండా, నడుము ఎత్తులో పెట్టాను. అలా పెడితే ఫొటోలో గోడలు నిటారుగా పడతాయి. అన్నీ పడ్డాయి, ఒక్కటి తప్ప. దాని పక్కనే ఇంటాయన కొత్త పంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ కెమెరానే వంకర అల్లుడూ," అన్నాడు మామ. స్టాండు మీది, మట్టం చూసే నీటిబుడగ సరిగ్గా మధ్యలో ఉందని చూపించాను. ఆయన గొంతు తగ్గించి, "ఎట్లనో నిలబెట్టు నాయనా, పరువు పోతాది," అన్నాడు.

ల్యాప్‌టాప్‌లో ఫొటోను కాస్త తిప్పాను. గోడ నిలబడింది, ఇంటాయన ఒరిగాడు.

ఆయన భార్య వచ్చి చూసింది. "మళ్ళా మందు మొదలుపెట్టినావా?"

"మానేసి మూడేండ్లాయె గదే!" అన్నాడు ఇంటాయన.

మామ చేతులు నలుపుకున్నాడు. చివరికి, "వదినా, ఒరిగింది అన్న గాదు. నా గోడ," అన్నాడు.

గోడ వంకరని తెలిసినా ఇంటాయన ముఖం వెలిగిపోయింది. తిప్పని ఫొటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ఇమ్మన్నాడు. ఆ గోడకే తగిలిస్తాడట.