అడ్డపొగలో క్యూబా చుట్టలు

1984 మే 6, ఆదివారం. షాంటిలీ.
గరాజ్ సేల్‌లో పాత చుట్టల పెట్టె దొరికింది. ఇరవై అయిదు! ఇక్కడ అమెరికాలో ఆంక్షలు రాకముందు క్యూబా నుంచి వచ్చినవి. ఆ రకం ఇప్పుడు అక్కడా చుట్టడం లేదట. మా ఆయన ఆఫీసులో హాన్సన్ ఇలాంటివే కూడబెడతాడు. 20న వస్తాడు. పెట్టె నిండుగా ఉంటే మంచి ధర ఇస్తాడట. దాంతో నాకు డిష్‌వాషర్!
తీర్మానం: అప్పటిదాకా ముట్టుకోను.

మే 7, సోమవారం.
ముట్టుకోలేదు. వాసన చూశాను, అంతే. వాసన చూస్తే తరిగిపోవు.

మే 9, బుధవారం.
శ్రీకాకుళంలో మా అమ్మమ్మ నిప్పు నోట్లో ఉంచుకుని అడ్డపొగ తాగేది. నాకూ నేర్పింది. పెళ్లయ్యాక మానేశాను. మా ఆయనకు తెలియదు.
పాత సరుకు. పాడైందేమో ఎవరో ఒకరు చూడాలి కదా. ఒక్కటి కాల్చాను.
పాడవలేదు. అబ్బ!

మే 12, శనివారం.
"ఎవడో ఒకటి కాల్చేస్తే మిగతావాటికి రేటు పెరుగుద్ది రేణూ. కూడబెట్టేవాళ్ల లెక్క అంతే!" అన్నారు మా ఆయన, అన్నం తింటూ.
రేటు పెంచాను. మూడు కాల్చి.

మే 16, బుధవారం.
అడ్డపొగ అంట్లు తోమేవాళ్ల కోసమే పుట్టింది. చేతులు తడిసినా నిప్పు ఆరదు. డిష్‌వాషర్ లేని బాధే లేదు!
మా అమ్మాయి ఉష వచ్చింది.
"అమ్మా, ఏంటీ స్మెల్?"
"సాంబ్రాణి."
"సింక్ దగ్గరా?"

మే 20, ఆదివారం.
పొద్దున చూస్తే రెండే ఉన్నాయి. సాయంత్రం హాన్సన్ వచ్చి మూత తీశాడు.
"రేణూ! ఏమయ్యాయే? ఎలకలా?" మా ఆయన పెట్టె ఎత్తి కింద వెతికారు.
"నేనే. కాల్చేశాను."
"నువ్వా? డిష్‌వాషర్ పోయింది, ఆఫీసులో నా పరువూ పోయింది!"
హాన్సన్‌కు సంగతి ఇంగ్లీషులో చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఒక చుట్ట తీసి వాసన చూసి, రుచి ఎలా ఉందని అడిగాడు. ఇరవై ఏళ్లుగా కూడబెడుతున్నాడు, ఒక్కటీ వెలిగించలేదట! పాపం.
వెనక మెట్ల మీద కూర్చోబెట్టి అడ్డపొగ నేర్పాను. అతని నాలుక చుర్రుమంది. కళ్ల నీళ్లు కారాయి. అయినా చివరిదాకా వదల్లేదు.

మే 21, సోమవారం.
ఒక్కటే మిగిలింది. పెట్టెను బీరువా మీదకు ఎక్కించాను. తీర్మానం: ఈ రోజు నుంచి ముట్టుకోను. ఈసారి ఖాయం!
ఇప్పుడే హాన్సన్ ఫోన్ చేశాడు. ఆదివారం వస్తాడట, ఊరికే చూసిపోవడానికి. అగ్గిపెట్టె తనే తెస్తాడట.