పుల్ల చేతిలో ఉన్నవాళ్ళదే మాట

ఇందిరా నగర్, పుదుచ్చేరి
మంగళవారం మధ్యాహ్నం

అక్కకి, నీ చెల్లెలు సుజాత నమస్కారాలు పెట్టి రాస్తున్నది.

ఇక్కడ నేనూ నీ మరిదిగారూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలు, అమ్మా నాన్నా అందరూ చల్లగా ఉన్నారనే అనుకుంటున్నాను. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. చిన్నదానికి పళ్ళు వస్తున్నాయన్నావు, వచ్చాయా?

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోనులో నాకు మాట రాదక్కా, నీకు తెలుసు. బాగున్నాను, తిన్నాను అనడం అయ్యాక ఏడుపే వస్తుంది. పోయిన నెల అలాగే ఏడ్చి, నాన్నని పంపు, నేను వచ్చేస్తాను అనేశాను. నాన్న రైలు టిక్కెట్టు తీయించుకుంటున్నారని అమ్మ చెప్పింది. ఆయన బయలుదేరేలోగా నీకిది అందాలని రాస్తున్నాను. ఏడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఇక్కడ ఎండ మన యానాం ఎండలాంటిదే, ఉక్క ఇంకొంచెం ఎక్కువ. నీళ్ళు ఉప్పన. తెల్ల బట్టలు నాలుగు ఉతుకులకే పసుపు రంగుకి తిరుగుతాయి. అన్నం, కూర అన్నీ దొరుకుతాయి, ఆ బెంగ పెట్టుకోవద్దు. ఆయన తొమ్మిదికి ఆఫీసుకి వెళ్తే సాయంత్రం ఆరుకి వస్తారు. మంచివారే అక్కా, ఒక్క మాట అనరు. అనకపోవడమే ఎక్కువ. వచ్చాక కాఫీ తాగి, చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంటారు. చుట్టుపక్కల అంతా అరవమే. కొట్లో వేలు పెట్టి చూపించి తెచ్చుకుంటున్నాను. ఒక్కోరోజు ఆయన వచ్చేదాకా నా గొంతు నాకే వినపడదు.

ఆయన పాటల పిచ్చి గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ కాలేజీలో చదివినప్పుడు పట్టుకుందట. ఈ ఊరి కుర్రాళ్ళు గిటార్లు, డ్రమ్ములు పెట్టి ఒక బ్యాండు కట్టారు. దాని పేరు పళయ సైకిల్, అంటే పాత సైకిల్. పాటలు కట్టేవాళ్ళకి అదేం పేరో. మొదటి రెండు ఆల్బమ్‌లూ గోడలు అదిరేటట్టు ఉంటాయి. ఈ మధ్య మూడోది వచ్చింది. డ్రమ్ములు వాయించే ఆయన బ్యాండు వదిలేసి వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళు ఈ ఊరి పక్కనే సముద్రం ఒడ్డున వీరాంపట్టినంలో ఒక జాలరి ఇల్లు అద్దెకి తీసుకుని, అసలు డ్రమ్మే లేకుండా నెమ్మదిగా పాడారు. అంతే, అభిమానులు రెండు ముక్కలయ్యారు. ఫోనుల్లో తిట్టుకున్నారు. మా ఇంట్లో అయితే ప్రతి ఆదివారం పంచాయితీ.

వచ్చేది ఇద్దరే. మునిరత్నం అన్న బస్సు డిపోలో మెకానిక్. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని తెలుగు చదవడం రాదు. రెండో ఆవిడ నిర్మల గారు, ఈయన ఆఫీసులోనే, అరవ ఆవిడ. వాళ్ళకొక కట్టుబాటు ఉంది. ఫోనులన్నీ స్టీలు బేసిన్లో వేసి, ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా నోరెత్తకుండా వింటారు. తర్వాత డ్రమ్ము వాయించే పుల్ల ఒకటి తీస్తారు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు ఎంత మండినా పెదవి విప్పకూడదు. ఆ పుల్ల మా ఫ్రిజ్ మీద ఉంటుంది.

నేను వంటింట్లో బజ్జీలు వేస్తూ వినేదాన్ని. అరవంలో అనుకున్నవి మునిరత్నం అన్న బజ్జీలకి వచ్చినప్పుడు నాకు తెలుగులో చెప్పేవారు. మునిరత్నం అన్నకి ఆల్బమ్ పేరెత్తితే మంట. డ్రమ్ము లేని ఆల్బమ్ ఇంజన్ లేని బస్సట, వెనకనించి తోసుకుంటా పోవాల్సిందేనట. నిర్మల గారు పుల్ల లాక్కుని, జీవితమంతా ఇంజన్ల మోతలో ఉన్న చెవులకి ఇంకేం వినపడుతుందిలే అనేవారు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, ఎన్నాళ్ళు గెంతుతారు అని ఆవిడ వాదన. నీ మరిదిగారు మధ్యలో ఉండేవారు. కాని ఆరో పాట మాట వస్తే ముగ్గురూ ఒకటే. అందులో పాటే లేదు. కుళాయి నీళ్ళు, గిన్నెలు తోముతున్న చప్పుడు, దూరంగా సముద్రం, ఆఖర్న ఎవరో ఆడమనిషి కొంచెం కూనిరాగం. దానికి గిన్నెల పాట అని పేరు పెట్టి నవ్వుకునేవారు. అది తీసేస్తే ఆల్బమ్ బాగుపడుతుందని ఈయనే అన్నారు.

అక్కా, నీకొక్కదానికే చెప్తున్నాను. నాకు ఆ పాటే ఇష్టం. మధ్యాహ్నం ఆయన పాత ఫోనులో అది పెట్టుకుంటాను. పొద్దుటి గిన్నెలు అప్పటిదాకా తోమకుండా ఉంచుతాను. ఆ పాటలో ఆవిడ ఒక గిన్నె తీస్తే నేనొకటి తీస్తాను. ఇద్దరం కలిసి తోముకుంటున్నట్టు ఉంటుంది. పెరట్లో నువ్వూ నేనూ కూర్చున్నట్టు.

ఇప్పుడు నేను చేసిన పని విను. పోయిన గురువారం ఆయన తెల్ల చొక్కాలు పసుపెక్కాయని, అమ్మ చేసినట్టు సోడా వేసి పెద్ద గిన్నెలో ఉడకేశాను. మరుగుతున్న నీళ్ళలోంచి బట్టలు తిప్పి తీయడానికి కర్ర లేదు. ఇల్లంతా వెతికి, ఫ్రిజ్ మీద పుల్ల తీసుకున్నాను. సరిగ్గా సరిపోయింది. చొక్కాలు మల్లెపూలలా వచ్చాయి. తర్వాత పుల్ల తుడుస్తుంటే చూశాను, దాని మీద ఉండే నల్ల గీతలు లేవు. అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక ఫోటో చూపించారు. కాలేజీ రోజుల్లో ఆ డ్రమ్ముల ఆయన కచేరీలో పుల్ల విసిరితే ఈయన పట్టుకుని, తర్వాత వెళ్ళి దాని మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ నల్ల గీతలు ఆ సంతకమే. డ్రమ్ముల ఆయన బ్యాండు వదిలి వెళ్ళాక ఇక అలాంటిది దొరకదు. అది నేను చొక్కాలతో ఉడకేశాను.

చెప్పాలని మూడు రోజులు చూశాను. ఆయన గుమ్మంలోకి రాగానే కాఫీ వంకతో వంటింట్లోకి పోయేదాన్ని. పుల్ల ఎక్కడిదక్కడ పెట్టేసి ఊరుకున్నాను. నాన్న వచ్చి తీసుకెళ్ళిపోతే ఈ మాట ఇక చెప్పక్కర్లేదు కదా అని కూడా అనుకున్నాను.

ఆదివారం పాటలు అయ్యాయి. మునిరత్నం అన్న పుల్ల తీసి అటూ ఇటూ తిప్పి వాసన చూశారు.

"ఏంది అబ్బయ్యా, సబ్బు వాసన? దీని మీద సంతకం యాడ?"

ఈయన పుల్ల లాక్కుని చూశారు. ముఖం పాలిపోయింది. వారం వారం మీరే కదా చెమట చేతులతో నలిపేది, అన్నారు. మునిరత్నం అన్న ఊరుకుంటారా. కొత్త పాటలు నచ్చలేదన్నానని ఇట్లా నింద వేస్తావా అన్నారు. ఈయన ఏదో అన్నారు, ఆయన ఇంకేదో అన్నారు, సగం అరవం, నాకు అర్థం కాలేదు. బేసిన్లోంచి ఫోను తీసుకుని మునిరత్నం అన్న చెప్పులేసుకుంటున్నారు. నిర్మల గారు చెయ్యి పట్టుకుని ఆపుతున్నా వినడం లేదు. ఈ ఊళ్ళో నన్ను తెలుగులో అమ్మా అని పిలిచే మనిషి ఆయనొక్కరే అక్కా. నా తప్పుకి ఆయన వెళ్ళిపోతున్నారు.

ఎలా వచ్చానో తెలీదు, వంటింట్లోంచి వచ్చి నీ మరిదిగారి చేతిలో పుల్ల తీసేసుకున్నాను. అందరూ ఠక్కున ఆగిపోయారు. వాళ్ళ కట్టుబాటు వాళ్ళది, పుల్ల నా చేతిలో ఉంది.

"బట్టలు ఉడకేశానండి దీంతో. అన్న చెయ్యలేదు. చెప్పడానికి భయమేసింది," అన్నాను.

పుల్ల ఎవరికివ్వాలో తెలీక నిలబడ్డాను. నిర్మల గారికి తెలుగు రాదు, అయినా నా చేతికి అంటిన బజ్జీల పిండి చూసి నవ్వాపుకుంటున్నారు. మునిరత్నం అన్న చెప్పులు విడిచి లోపలికొచ్చి మళ్ళీ కూర్చున్నారు. ఆయన అడిగింది ఒక్కటే.

"పుల్ల పట్టుకున్నావు కదమ్మా. ఆల్బమ్ ఎట్లుందో చెప్పి ఇయ్యి. ఇక్కడ ఊరికే పట్టుకోకూడదు."

చెప్పకుండా పారిపోదామనుకున్నాను. కాని ముగ్గురూ నా వంకే చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నారు. నేను మాట్లాడాలని అలా ఎదురు చూడటం పెళ్ళయి ఇక్కడికొచ్చిన ఈ ఐదు నెలల్లో అదే మొదలు.

"ఆరో పాట తీసెయ్యకండి," అన్నాను. "అందులో ఆవిడ గిన్నెలు పెద్ద చప్పుడు కాకుండా తోముతుంది. ఎవరైనా తలుపు కొడితే వినపడాలని. ఆఖరిదాకా ఎవరూ రారు. అందుకని తనే పాడుకుంటుంది."

పుల్ల బల్ల మీద పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. మునిరత్నం అన్న నా మాటలు నిర్మల గారికి అరవంలో చెప్పడం వినపడింది. తర్వాత ఆ పాట మళ్ళీ పెట్టారు. అయిపోయాక మునిరత్నం అన్న, ఇప్పుడు కూడా నాకు నచ్చలేదు, డ్రమ్ము ఉంటే బాగుండేది అన్నారు. నిర్మల గారు మళ్ళీ ఇంజను మాట ఎత్తారు. బజ్జీలన్నీ అయిపోయాయి. నీ మరిదిగారు మాత్రం ఆరోజంతా ఏమీ అనలేదు. పుల్ల గురించి కూడా. నాకు తిట్టినా బాగుండు అనిపించింది.

నిన్న సోమవారం. ఆయన ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగారు. చెవుల్లో పాటలు పెట్టుకోలేదు. ఫ్రిజ్ మీద పుల్ల తీసి, నా చేతిలో పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నారు. అంతే. పుల్ల నా దగ్గరుంది కాబట్టి ఆయన మాట్లాడకూడదు. నేనేమో మాట్లాడలేను. చాలాసేపు అలాగే కూర్చున్నాం. పాలవాడి సైకిలు గంట కూడా వచ్చి వెళ్ళిపోయింది. చివరికి నేను, "మధ్యాహ్నాలు నాకు పొద్దు పోవట్లేదండి," అన్నాను. ఒకసారి మొదలయ్యాక ఆగలేదక్కా. కొట్లో వేలు పెట్టి చూపించడం, పాటలో ఆవిడతో గిన్నెలు తోమడం, నాన్నని రమ్మనడం, అన్నీ చెప్పేశాను. ఆయన ఒక్కసారి కూడా పుల్ల అడగలేదు. అన్నీ అయ్యాక నేనే ఇచ్చాను. తీసుకుని, నాకు తెలియలేదు అన్నారు. ఇంకేం చెప్పాలో ఆయనకీ రాలేదు. ఆయనా నాలాంటి మనిషేనని అప్పుడు తెలిసింది.

ఈరోజు మధ్యాహ్నం మళ్ళీ మామూలే. ఇల్లంతా నిశ్శబ్దం. దిగులు పోయిందని నీకు అబద్ధం రాయను. కాని అక్కా, నాన్నని రమ్మనే చెప్పు. తీసుకెళ్ళడానికి కాదు, చూసి వెళ్ళడానికి.

అమ్మకీ నాన్నకీ బావగారికీ నా దండాలు చెప్పు. నువ్వు నన్ను దీవించు, నోరు కొంచెం పెగిలేలా దీవించు. పిల్లలకి ముద్దులు. నాన్న వచ్చేటప్పుడు పచ్చళ్ళూ స్వీట్లూ మొయ్యొద్దను, మోకాలు నొప్పి. మన పెరట్లో బట్టలు ఉడకేసే కర్ర ఉంది చూడు, అలాంటిదొకటి తెమ్మను. నాకు ఇక్కడ అవసరం ఉంది.

నీ చెల్లెలు
సుజాత