మెట్ల కింద గది మనదే

అక్కా, ఇక్కడ అందరం కులాసా. మెట్ల కింద గది నాన్నదా, చిన్నాన్నదా అని చిన్నప్పటి నుంచీ నిన్ను వేధిస్తున్నాను కదా, కోర్టు తేల్చేసింది. నాన్నదే, అంటే ఇక మనదే. కోర్టు పంపగా వచ్చి కొలతలు తీసిన కమిషనరు రిపోర్టు మీద చిన్నాన్న గడువులోగా అభ్యంతరం దాఖలు చెయ్యలేదు. అలా చెయ్యనివాళ్ళకి అప్పీలు హక్కు కూడా పోతుందట. వకీలుగారు గట్టిగా చెప్పారు, నువ్వు నిశ్చింతగా ఉండు.

నిన్న ఆ గదికి వెళ్ళేసరికి చిన్నాన్న ఎప్పట్లాగే కాగితాలు కోసే మిషను పక్కన కూర్చుని పుస్తకాలకు అట్టలు అంటిస్తున్నాడు. "అభ్యంతరం చెప్పలేదంటారేంటే? కొలత తప్పని నీ వంటగదిలో కూర్చుని నీకే చెప్పానుగా! ఇంట్లో పిల్లతో చెప్పకుండా, ముక్కూమొహం తెలియని జడ్జీతో చెప్తానా?" అన్నాడు. నిజమే, చెప్పాడు. మనింట్లో ఏ తగాదా అయినా ఎదురుగా కూర్చుని అరుచుకోవడమే కదా, కోర్టుకీ అదే సరిపోతుందనుకున్నాడు. రాసి ఇవ్వమని నేను అనలేదు. ఎదుటి పక్షానికి సలహాలివ్వొద్దని వకీలుగారు ముందే హెచ్చరించారు. పైగా, "మీ అక్క డిక్షనరీ మళ్ళీ కుట్టాను. పుస్తకాన్ని బోర్లా పడెయ్యొద్దని ఆవిడగారికి రాయి" అని నవ్వుతాడు!

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ కళ్ళజోడు అక్కడే మర్చిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపు. పిల్లలకు నా ముద్దులు.

గది మనదే, అందులో నాకు అనుమానం లేదు. ఆ కాగితాలు కోసే మిషను పెట్టుకోవడానికి ఆయనకి ఇంకో చోటు లేదు. ఖాళీ చెయ్యమనాలో, ఉండనివ్వాలో మాత్రం నాకింకా తేలడం లేదు.

నీ చెల్లి