సంతకం పెట్టినవాడే ముందు ఎక్కాలి

లిఫ్టుల కంపెనీ యజమానురాలినైన నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో షుగరుంది, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, బుర్ర మాత్రం భేషుగ్గా ఉంది. ఎవరి ప్రోద్బలమూ, ఎవరి ఒత్తిడీ లేవు. కోపం మాత్రం ఉంది. కోపంలో రాసింది చెల్లదని రేపు ఎవరైనా వాదిస్తారేమోనని ముందే చెబుతున్నాను: కోపం వచ్చిన రోజు నేను కాగితం ముట్టుకోలేదు. వారం ఆగి చూశాను. తగ్గలేదు. ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

ఇందులోని ఆస్తి అంతా నా స్వార్జితం. కీర్తిశేషులైన నా భర్త లిఫ్టు మెకానిక్కు. ఆయనకు వచ్చే ఫోన్లు నేను ఎత్తేదాన్ని. మెట్ల కింది గదిలో ఇద్దరం మొదలుపెట్టిన కంపెనీలో ఇవాళ అరవై మంది పనిచేస్తున్నారు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఆడిటరుకు అప్పగిస్తున్నాను. "ఇవన్నీ వీలునామాలో అవసరమా అమ్మా" అంటాడు, నాకు తెలుసు. అవసరమే. ఒక్క ముక్క దిద్దినా అతనికి ఫీజు ఇవ్వవద్దు.

1. నేనుంటున్న ఆరో అంతస్తు ఇల్లు, సామానుతో సహా, నా కూతురికి చెందాలి. దానవిక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది. నా గాజులు కూడా దానికే. చిన్నప్పుడు వాటిని మోచేతి దాకా ఎక్కించుకుని ఇల్లంతా చప్పుడు చేస్తూ తిరిగేది. ఇప్పుడు కంపెనీ లెక్కలు చూస్తుంది, చప్పుడు మాత్రం చేయదు. కింది క్లాజులో చెప్పబోయే డబ్బు కదిలిన రోజే దానికి తెలుసు. నాకు చెప్పింది ఆ డబ్బు అయిపోయాక. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. ఎందుకు చెప్పలేదే అంటే, "అన్నయ్య మాటకి నేనెలా అడ్డం చెప్తానమ్మా" అంది. తల్లీ, ఆఫీసులో ఉన్నంతసేపు నీకు అన్నయ్య లేడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు మొదట నేర్చుకోవలసింది వద్దని చెప్పడం.

2. బ్యాంకులో నా పేరున ఉన్న డిపాజిట్లన్నీ కంపెనీ జీతాల నిధికి జమ చేయాలి. ఆ నిధి ఇప్పుడు ఖాళీగా ఉంది. వ్యాపారం ఒక్క రూపాయి తేకపోయినా అందరికీ ఆరు నెలలు జీతాలు అందేటంత డబ్బు నేనూ ఆయనా పక్కన పెట్టేవాళ్లం. ఇల్లు కారుతున్నా ముట్టుకోలేదు, కూతురి పెళ్లికీ ముట్టుకోలేదు. మా ఎండీ గారు ముట్టుకున్నారు. ఎండీ గారంటే నా కొడుకే. ఆ పిలుపు ఆయనకు ఇష్టం కనుక నేనూ అలాగే రాస్తున్నాను. "డబ్బు ఊరికే పడుండకూడదమ్మా, పని చేయాలి" అని దాంతో రెండు బ్రాంచీలు తెరిచారు. కష్టం వచ్చేదాకా ఊరికే పడి ఉండటమే ఆ డబ్బు చేసే పని. ఏడాది తిరక్కుండా రెండు బ్రాంచీలకూ తాళాలు పడ్డాయి. ఆ తర్వాత మెకానిక్కుల జీతాలు మొదటిసారి ఆలస్యమయ్యాయి. ఎండీ గారి జీతం ఆలస్యం కాలేదు. ఇకమీదట డబ్బు చాలని నెలలో కోత పై కుర్చీ నుంచి మొదలు కావాలి, కింది నుంచి కాదు.

3. ఆఫీసులోని అద్దాల గది తాలూకు బల్ల, తిరిగే కుర్చీ, గోడకున్న ఉత్తమ యువ నాయకుడి షీల్డు ఎండీ గారికే ఇస్తున్నాను. సొంత ఖర్చుతో తీసుకెళ్లాలి. పైన పటారం, లోన లొటారం. ఖాళీ అయిన గది మెకానిక్కులకు ఇవ్వాలి. గ్రీజు చేతులతో మెట్ల మీద కూర్చుని తింటున్నారు పాపం.

4. నా భర్త చేతి గడియారం నా మరిదికి. ఈ కంపెనీలో బ్రేకు పని అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆయనే నేర్పారు. ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. రిపేరు చేసి కాగితం మీద సంతకం పెట్టినవాడు, జనం కంటే ముందు, ఒంటరిగా ఆ లిఫ్టులో పైదాకా వెళ్లి కిందికి రావాలి. అలా చేస్తే సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఒకసారి ఆగుతుంది. ఎండీ గారు దాన్ని టైము దండగ అని తీసేశారు. రోజుకు ఎవరు ఎక్కువ లిఫ్టులు చూస్తే వారికి బహుమతి అన్నారు. మనం దేన్ని లెక్కపెడితే జనం దాన్నే చేసిపెడతారు. సంతకాలు లెక్కపెట్టారు, సంతకాలు చేసిపెట్టారు. మరిది ఇదంతా చూస్తూ గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. "నాకెందుకు వదినా, రేపో మాపో రిటైరయ్యేవాణ్ణి" అన్నాడు. గడియారం పెట్టుకున్నప్పుడల్లా ఆ మాట గుర్తు రావాలి.

5. ఉద్యోగం పోగొట్టుకున్న సణుగుడు మేస్త్రిని తిరిగి పనిలోకి తీసుకోవాలి. మధ్యలో పోయిన జీతం మొత్తం నా ఆస్తిలోంచి ముందుగా, మిగతా పంపకాల కంటే ముందుగా, చెల్లించాలి. అతనంటే నాకెప్పుడూ ఇష్టం లేదు. ఎండైనా సణుగుతాడు, వానైనా సణుగుతాడు. కానీ ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు అంతస్తుకు జానెడు దిగువన ఆగి, అడుగు బయట పెట్టబోయిన ఆవిడ తుంటి విరిగితే, అది అతని తప్పు కాదు. లిఫ్టును పట్టి ఆపే బ్రేకు లైనర్లు అరిగాయి, కొత్తవి కావాలని అతను మూడుసార్లు అడిగాడు. ఖర్చు తగ్గించామని చెప్పుకోవడానికి కొనడం ఆపించింది ఎండీ గారు. ఆసుపత్రికి వెళ్లి ఆవిడతో, "బాధ్యుణ్ణి తీసేశామండీ" అని చెప్పి వచ్చిందీ ఎండీ గారే. లాభం వస్తే నా తెలివి, దెబ్బ తగిలితే మేస్త్రి తప్పు. ఇలాంటి నాయకత్వానికి కూడా షీల్డు ఇస్తారు కాబోలు.

6. కంపెనీలో నా వాటాలలో సగం నా కూతురికి, సగం పదేళ్లకు పైబడి పనిచేసిన ఉద్యోగుల ట్రస్టుకు చెందాలి. కంపెనీ ఎవరు నడపాలో ఈ ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. ఎవరు నడిపినా నా భర్త పెట్టిన నియమం మళ్లీ అమలు కావాలి. తండ్రి నుంచి నా కొడుక్కి వచ్చిన వాటా అతనిదే. నా వాటాలో చిల్లిగవ్వ ఇవ్వడం లేదు. ఎందుకని అడుగుతారు కనుక రాస్తున్నాను.

ఆ ప్రమాదం తర్వాత మా భవనం లిఫ్టు కూడా చూడమని అడిగాను. ఎండీ గారు స్వయంగా వచ్చారు. తనిఖీ చేస్తున్నట్టు ఫొటోలు తీయించుకున్నారు, కాగితం మీద సంతకం పెట్టి లిఫ్టులోనే అంటించారు. తర్వాతి ఆదివారం కొడుకుగా నన్ను చూడటానికి వచ్చాడు. తలుపు తీస్తే చొక్కా తడిసిపోయి, ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు. ఆరు అంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టు పాడైందా నాన్నా అంటే, "లేదమ్మా, ఎక్సర్‌సైజు" అన్నాడు. వీధి చివర కొట్టుకు కూడా కారులో వెళ్లేవాడు. ఫ్యాను వేసి మంచినీళ్లు ఇచ్చాను. వెళ్లేటప్పుడు లిఫ్టు మా అంతస్తులోనే, తలుపులు తెరుచుకుని ఉంది. దాన్ని చూసి, తల దించుకుని మెట్ల వైపు వెళ్లాడు.

నేను సణుగుడు మేస్త్రికి ఫోన్ చేశాను. సణుక్కుంటూనే వచ్చాడు. మేడ మీది మెషిన్ గదికి వెళ్లి చూసి, లైనర్లు కాగితంలా అరిగి ఉన్నాయని చెప్పి, లిఫ్టుకు కరెంటు తీసేసి ఆ గది తాళం నా చేతికిచ్చాడు. అందుకే నేను రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లలేకపోయాను. ఈ మోకాళ్లతో దిగలేను. ఇద్దరు సాక్షులుంటే చాలు, చెల్లుతుందని ఆడిటరు చెప్పాడు.

నిధి పోగొట్టినందుకు క్షమించేదాన్ని. వ్యాపారంలో ఎవరికైనా డబ్బు పోతుంది. ఆ లిఫ్టులో స్కూలు పిల్లలు ఎక్కుతారని వాడికి తెలుసు, ఆసుపత్రికి వెళ్లాలంటే అమ్మ కూడా అందులోనే దిగుతుందని తెలుసు. మెట్లు దిగబోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి, నువ్వు లిఫ్టు ఎక్కకమ్మా అని అంటాడేమోనని గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. కింద కారు స్టార్టయ్యేదాకా నిలబడ్డాను. ఆ ఒక్క మాట అని ఉంటే నేనీ వీలునామా రాసేదాన్ని కాదు.

తేదీ: మార్చి 11, 2025, మంగళవారం. కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవు.

(సంతకం)
కంపెనీ యజమానురాలు

మా ఇద్దరి ఎదుట, చదివి వినిపించి, సంతకం చేశారు.
సాక్షులు:
1. రెండో అంతస్తు పళ్ల డాక్టరు
2. ఎదురింటి రిటైరైన లెక్కల టీచరు